చెరకు రైతు ఇంట పంచదార లెక్క



ఈ వేళ నేను చెప్పబోయేది విత్తనం గురించీ కాదు, ఎరువు గురించీ కాదు; మన వంటింట్లోని పంచదార డబ్బా గురించి. చెరకు ఎట్లా పండించాలో చెప్పవలసిన మనిషి పంచదార తగ్గించమని చెప్పడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చును. నేను తిరిగేది అనకాపల్లి చుట్టుపట్ల పల్లెల్లో. చెరకు మీద పరిశోధనలకని 1913లోనే కేంద్రం పెట్టిన చోటు అది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అక్కడ ఉన్నది. అటువంటి చోట ఈ మాట చెప్పడం చేపల రేవులో నిలబడి చేపలు తినవద్దని చెప్పడం వంటిది. అయినా చెప్పక తప్పని కారణం ఒకటున్నది. అందులో నా తప్పు కూడా ఉన్నది గనుక ముందు దానితోనే మొదలుపెడతాను.

రెండేళ్ల క్రిందట ఒక గ్రామంలో రైతుల సమావేశం జరిగింది. పీక పురుగు గురించి, మొవ్వు ఎండిపోవడం గురించి చెప్పవలసినదంతా చెప్పి, చివర మాటవరసకు "పంచదార మానండి, మన బెల్లం తినండి, ఏ జబ్బూ రాదు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. బెల్లం వండే ఊళ్లో ఆ మాటకు చప్పట్లు కొట్టక ఏం చేస్తారు? నేను వ్యవసాయంలో డిప్లొమా చదివినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. ఎవరో అనగా విన్న మాటను నేనూ అన్నాను. పురుగు మందు మోతాదయితే ఒకటికి రెండుసార్లు పుస్తకం చూసి మరీ చెబుతాను. తిండి విషయానికి వచ్చేసరికి ఆ జాగ్రత్త లేకపోయింది.

ఆ రోజు ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకరు ఆ మాట గట్టిగా పట్టుకున్నారు. రెండెకరాల రైతు. ఏభై అయిదేళ్లుంటాయి. అప్పటికే ఆయనకు మధుమేహం ఉన్నది, మన పల్లెల్లో "షుగరు" అంటామే, అది. మాత్రలు వేసుకుంటున్నారు. ఇంటికి వెళ్లి పంచదార డబ్బా బోర్లించేశారట. అంతకు ముందు డాక్టరు చెప్పారని టీలో పంచదార ఒక చెంచాకు తగ్గించుకున్న మనిషి, నా మాట విన్న దగ్గర నుంచి బెల్లం టీ మొదలుపెట్టి, గ్లాసుకు ఉసిరికాయంత బెల్లం ముక్క చొప్పున రోజుకు అయిదు గ్లాసులు తాగారు. బెల్లం మంచిదని ఆఫీసరు చెప్పాడు గదా అని ధైర్యం.

మరుసటి ఏడు నరుకుడు అయిపోయిన తరువాత ఆయన పొలానికి వెళ్లాను. కార్శి తోట కోసం మోళ్లను నేలమట్టానికి చెక్కుతున్నారు. చెప్పులు గట్టు మీద ఉన్నవి. కత్తి వాటంగా నరికిన మోడు ఎంత పదునుగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన నడిచి వచ్చిన సాలు వెంట చెత్త మీద ఎర్రగా మరకలు కనబడినవి.

"బాబాయిగారూ, కాలు తెగింది" అన్నాను.

"ఎక్కడ బాబూ?" అని ఆయన చేతులు చూసుకున్నారు.

బొటనవేలి పక్కన రెండంగుళాల మేర చీలిపోయి ఉన్నది. ఎప్పుడు తెగిందో ఆయనకు తెలియదు. నొప్పి లేదు. పసుపు పెట్టి గుడ్డ కట్టుకొని పని చూసుకున్నారు. పది రోజులకు కాలు వాచి, వాసన వచ్చిన తరువాత పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్లారు. రక్తంలో చక్కెర 300 దాటి ఉన్నదట. బొటనవేలు తీసివేయవలసి వచ్చింది. చూడబోతే, నన్ను ఊరడించడానికన్నట్టు ఆయనే అన్నారు: "మీరు చెప్పిన కాడి నుంచీ పంచదార ముట్టలేదు బాబూ. అంతా బెల్లం టీయే."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. జబ్బు నా వల్ల రాలేదు, నిజమే. ఆయన మాత్రలు కూడా కొన్నాళ్లు మానివేశారని తరువాత తెలిసింది. బెల్లం తింటూ ఉంటే మాత్రలు అక్కరలేదనుకున్నారట! అట్లా అనుకోవడానికి తోవ చూపింది నేనే గదా. అందుచేత ఈ విషయం మళ్లీ సరిగా తెలుసుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని అడిగి, మీ ముందుకు వచ్చాను.

ముందుగా పంచదార అంటే ఏమిటో చూద్దాం. చెరకు రసానికి సున్నం పాలు కలిపి, గంధకం పొగ పట్టించి, మడ్డి తేర్చి, కాచి చిక్కబరిచి, గింజ కట్టిన తరువాత గిర్రున తిరిగే యంత్రంలో వేసి మొలాసిస్‌ను విడదీస్తారు. మిగిలేది తెల్లని పంచదార. అందులో నూటికి 99 పాళ్లకు పైగా సుక్రోజు అనే చక్కెరే. మాంసకృత్తులు లేవు, పీచు లేదు, విటమినులు లేవు. నూరు గ్రాములు తింటే 400 క్యాలరీలు వస్తవి, అంతే సంగతి.

బెల్లం కూడా ఆ రసమే. పెనంలో కాచి, పాకం రాగానే అచ్చులో పోస్తాము. మొలాసిస్ విడిపోకుండా అందులోనే ఉంటుంది కాబట్టి కొంచెం ఇనుము, కాల్షియం వంటి లవణాలు మిగులుతవి. రుచి, వాసన కూడా దాని వల్లనే. అయితే మిగిలినదంతా ఏమిటి? నీటిపాలు పోగా, నూటికి 80కి పైబడి చక్కెరే. నూరు గ్రాముల బెల్లంలో 380 క్యాలరీల దాకా ఉన్నవి. 400కూ 380కీ తేడా ఎంతో మీరే చూడండి. ఇనుము ఉన్నది గదా అంటారు. రోజుకు రెండు ముక్కల బెల్లంతో వంటికి చాలినంత ఇనుము వస్తుందనుకోవడం, ఎకరం తోటకు గుప్పెడు గత్తం చల్లి ఎరువు వేశామనుకోవడం వంటిది. ఇనుము కావాలంటే తోటకూర ఉన్నది, పప్పులున్నవి, తినేవారికి మాంసం, చేపలున్నవి. రక్తంలోకి చేరిన తరువాత ఇది పంచదార చక్కెర, ఇది బెల్లం చక్కెర అని ఒంటికి తేడా తెలియదు. తేనె సంగతీ అంతే. పటికబెల్లం అయితే మరీ విడ్డూరం. పేరులో బెల్లమున్నా అది పెద్ద గింజ కట్టిన పంచదారే.

బెల్లం చెడ్డదని నేను అనడం లేదు. తీపి తినే కొద్దిపాటికి బెల్లమే వాడుకుంటామంటే సంతోషం, మనవాళ్ల సరుకు. రంగు కోసం హైడ్రోస్ గుమ్మరించిన పసుపుపచ్చ దిమ్మ కంటే కాస్త నల్లగా ఉన్న బెల్లం మంచిదని కూడా చెబుతాను. ఆ హైడ్రోస్ ఎందుకు వేస్తున్నారో మనకు తెలుసు: బజారులో తెల్లటి దిమ్మకు ధర ఎక్కువ పలుకుతున్నది. కొనేవాడి కంటిని బట్టి వండేవాడి చెయ్యి నడుస్తుంది. ఆ సంగతి మరొక రోజు మాట్లాడుకుందాం. ఈ రోజు చెప్పవలసినదేమంటే, పంచదార తీసి బెల్లం పెట్టడం తగ్గించడం కాదు. డబ్బా మారింది, లెక్క మారలేదు.

మరి లెక్క ఎంత ఉండాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక హద్దు చెప్పింది. మనిషి రోజుకు తినే మొత్తం క్యాలరీలలో, పైన కలుపుకునే చక్కెరల నుంచి వచ్చేవి పదో వంతుకు మించకూడదు. ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే ఇంకా మేలు. పంచదార, బెల్లం, తేనె, పళ్ల రసాలు, సీసా పానీయాలు అన్నీ ఇందులోకే వస్తవి. పండును పండుగా కొరికి తింటే ఈ లెక్కలోకి రాదు. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి పదో వంతు అంటే 50 గ్రాములు, ఇరవయ్యో వంతు అంటే 25 గ్రాములు.

గ్రాములంటే మనకు అంత పట్టుబడవు గనుక చెరకులోనే చెబుతాను. అయిదారు మూరల గడ, తూకానికి కిలోం పావు ఉన్నదనుకోండి. పదికి ఒక వంతు దిగుబడి లెక్కన దాని నుంచి 125 గ్రాముల బెల్లమో పంచదారో వస్తుంది. అంటే మనిషికి రోజుకు మేలైన హద్దు సుమారు మూరెడు చెరకు. చిన్నప్పుడు మనం గట్టు మీద కూర్చొని మూరెడు ముక్క నమలడానికి ఎంతసేపు పట్టేదో గుర్తు తెచ్చుకోండి. దవడలు నొప్పి పుట్టేవి. పిప్పి ఉమ్మివేసి, చెయ్యి కడుక్కొని, ఇంకొక ముక్క వద్దనుకునేవాళ్లం. అదే చక్కెర రెండు గ్లాసుల టీలో వేస్తే నాలుగు గుక్కల్లో లోపలికి పోతుంది. ఇంకొక గ్లాసుకు చోటు ఉండనే ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క వేయండి. అయిదుగురున్న ఇంటికి నెలకు అయిదు కిలోల పంచదార వస్తున్నదనుకుందాం. మనిషికి రోజుకు 33 గ్రాములు పడింది. ఇంతేనా అనిపిస్తుంది. దానికి బెల్లం కలపండి. పిల్లల బిస్కెట్లు కలపండి. మామూలు తీపి బిస్కెట్ల పొట్లం మీద చూస్తే నూరు గ్రాములకు 20, 25 గ్రాముల చక్కెర అని అచ్చు వేసి ఉంటుంది. కొట్టు దగ్గర తాగే టీ కలపండి, అది ఇంటి డబ్బాలోది కాదు గదా. బంధువులు వస్తే తెప్పించే సీసాలు కలపండి. చాలా ఇళ్లలో మనిషికి రెండు మూరలు దాటిపోతుంది, కొందరికి మూడు.

సీసాల సంగతి వచ్చింది గనుక ఒక ముచ్చట చెబుతాను. చెరకు పక్వానికి వచ్చిందో లేదో చూడడానికి మా దగ్గర హ్యాండ్ రిఫ్రాక్టోమీటరు అనే చిన్న గొట్టం వంటి పరికరం ఉంటుంది. మీలో చాలామంది చూసి ఉంటారు. గడకు గుచ్చి తీసిన రసం ఒక చుక్క గాజు మీద వేసి, వెలుతురుకు పెట్టి చూస్తే అంకె కనబడుతుంది. దానినే బ్రిక్సు అంటాము. 18 దాటితే నరకవచ్చునని, 20 ఉంటే బాగా పండిందని చెబుతాము. ఒకసారి నరుకుడు దగ్గర పిల్లలు చుట్టూ మూగారు. కూలీల కోసం తెచ్చిన నల్ల కూల్ డ్రింకు సీసా అక్కడ ఉన్నది. ఒక కుర్రాడు, "దీన్ని కూడా చూడండి సార్, నరకొచ్చో లేదో" అన్నాడు. కొంచెం గ్లాసులో పోసి, గాలి పోయేదాకా చెంచాతో తిప్పి, చుక్క వేసి చూశాను. 11 దగ్గర ఆగింది. అంటే నూరు పాళ్లలో 11 పాళ్లు చక్కెర. పండీ పండని లేత గడ రసమంత. 250 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 27 గ్రాములు, అంటే ఒక్క సీసాతో ఆ రోజు మూర దాటిపోయింది. పిల్లలందరూ వరుసగా కన్ను పెట్టి చూశారు. సీసా మీద కూడా ఈ అంకె అచ్చు వేసే ఉంటుంది; చిన్న అక్షరాలు గనుక ఎవరూ చదవరు.

రోడ్డు పక్కన తాగే చెరకు రసం మనదే కదా అంటారేమో. మనదే. ఒక గ్లాసులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పండగకో జాతరకో తాగండి. షుగరు ఉన్నవారు మాత్రం దాని జోలికి పోవద్దు. పాల టీని ఈ పరికరంతో చూద్దామనుకోకండి, పాలలోని సరుకు కూడా కలిసి అంకె తప్పుతుంది. టీకి చెంచాయే కొలత. చెంచాను పైకి పొంగేటట్టు ముంచితే ఆరేడు గ్రాములు వస్తవి, గీసి సమం చేస్తే నాలుగైదు. "నేను రెండు చెంచాలే వేసుకుంటున్నాను" అనేవారు ఏ చెంచాతో ఎట్లా ముంచుతున్నారో ఒకసారి చూసుకోవాలి.

ఇదంతా ఎందుకంటే, 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేలో మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకని తేలింది. రాబోయే సూచనలున్నవారు మరొక 13 కోట్లకు పైగా ఉన్నారు. ఇది పట్నాల్లో కుర్చీలో కూర్చునేవారి జబ్బనే రోజులు పోయినవి. పంచదార ఒక్కటే దీనికి కారణమని నేను చెప్పను. వంశంలో ఉండడం, నడుము చుట్టూ కొవ్వు చేరడం, గిన్నె నిండా తెల్లన్నం తిని కూర నాలుగు వేళ్లతో అద్దుకోవడం, బండి ఎక్కి పొలానికి పోవడం, ఇవన్నీ కలిసి వస్తవి. దుక్కి ట్రాక్టరు చేస్తున్నది, నీళ్లు మోటారు తోడుతున్నది. ఒళ్లు పని తగ్గింది. తీపి మాత్రం తగ్గకపోగా పెరిగింది. మా తాతల కాలంలో పంచదార చుట్టాలు వచ్చినప్పుడు తీసే సరుకు. ఇప్పుడు ఉప్పు కంటే ముందు అయిపోతున్నది.

అన్నిటిలోకి పంచదారనే ముందు పట్టుకోమనడానికి కారణమున్నది. అన్నం తగ్గించమంటే ఆకలి అడ్డం వస్తుంది. పంచదార తగ్గిస్తే ఒంటికి లోటంటూ ఏదీ ఉండదు, నాలుకకు తప్ప. ఆ నాలుక కూడా కొద్ది వారాల్లో అలవాటు పడుతుంది.

ఒక్కసారిగా మానివేయమని చెప్పను. అట్లా మానినవారు పది రోజులు ఉండి, పదకొండో రోజు రెట్టింపు తినడం చూశాను. నీళ్లు తగ్గించేటప్పుడు తడి తడికీ వ్యవధి పెంచుకుంటూ పోతాము గదా, అదే పద్ధతి. టీలో వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. నెల తిరిగేసరికి పాత టీ తాగి చూస్తే పానకంలా ఉంటుంది. గ్లాసులు కూడా తగ్గాలి. అయిదు తాగేవారు మూడుకు రండి. అమ్మలూ, ఇందులో మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. నెల మొదట పంచదార, బెల్లం తెచ్చిన రోజున డబ్బా మీద తేదీ వేయండి. అయిపోయిన రోజున మళ్లీ వేయండి. ఎవరు ఎంత తింటున్నారని పేచీ పెట్టుకోనక్కరలేదు, తేదీయే చెబుతుంది. అయిదుగురి ఇంటికి అన్నీ కలిపి నెలకు మూడు కిలోలలోపు సర్దుకోగలిగితే, బయట తినే తిండికి కొంచెం చోటు మిగులుతుంది.

అరిసెలు మానమంటారా, ఉగాదికి పరమాన్నం వండుకోవద్దా అని ఒక ఊళ్లో ఆడవాళ్లు నిలదీశారు. వండుకోండి. అరిసె సంక్రాంతికి వచ్చి, పది రోజులుండి పోతుంది. టీ గ్లాసు రోజుకు అయిదుసార్లు వస్తుంది, ఏడాది పొడుగునా వస్తుంది. దొంగ ఎవరో చూసి పట్టుకోవాలి గాని, పండగను పట్టుకుంటే ఏం లాభం?

నరుకుడు రోజుల్లో కూలీలకు తీపి టీ, కూల్ డ్రింకు ఇవ్వకపోతే మాట వస్తుందని రైతులు అంటారు. ఎండలో పని చేసే మనిషికి కావలసినది నీళ్లు, ఉప్పు. పల్చటి మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి కుండతో పెట్టండి. నిమ్మకాయ పిండిన ఉప్పు నీళ్లు పెట్టండి. మన వైపు చోడి అంబలి ఉండనే ఉన్నది. పూర్వం అది తాగే మధ్యాహ్నం దాకా కొట్టేవారు. పిల్లలకు బడి నుంచి రాగానే బిస్కెట్ల పొట్లం బదులు జామకాయ, వేయించిన సెనగలు, ఉడికించిన పల్లీలు చేతిలో పెట్టండి. తీపి సీసాలు అలవాటైతే పళ్లు ముందు పుచ్చుతవి, ఒళ్లు తరువాత పెరుగుతుంది.

తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మాట. మనం పెట్టే శిక్షణ తరగతులలో పది గంటలకు తీపి టీ, బిస్కెట్లు, మధ్యాహ్నం లడ్డూ, మూడు గంటలకు కూల్ డ్రింకు ఇస్తున్నాము. చివరి గంటలో సమతుల ఆహారం మీద ఉపన్యాసం! ఖర్చు పద్దులో మజ్జిగ అని రాస్తే బిల్లు పాసు కాదేమోనని ఒక మిత్రుడు అన్నాడు. అయింది. నేను రాసి చూశాను.

"అందరూ ఇట్లా తినడం మానేస్తే మన చెరకు ఎవడు కొంటాడు?" అన్నది పెద్ద ప్రశ్న. ధర సంగతి తెలిసిన రైతు అడగవలసిన ప్రశ్నే. అయిదుగురి ఇల్లు నెలకు మూడు కిలోలు తగ్గించిందనుకోండి, ఏడాదికి 36 కిలోలు. గడలో చెబితే 360 కిలోలు. ఎకరానికి 30 టన్నులు పండే తోటలో మూడడుగుల ఎడం సాళ్లు డెబ్బై దాకా పడతవి. ఒక్కొక్క సాలుకు నాలుగు వందల కిలోల పైనే వస్తుంది. అంటే మీ ఇల్లంతా కలిసి మానింది ఒక ఎకరంలో ఒక్క సాలు కూడా కాదు. ధర పడిపోవడానికి, మిల్లులు బకాయిలు పెట్టడానికి కారణాలు వేరే ఉన్నవి; అవి మన టీ గ్లాసులో లేవు. పైగా ఈనాడు చెరకు పంచదారకే కాదు, ఇథనాలుకూ పోతున్నది. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపే దాకా వచ్చారు. ఆ ఒక్క సాలు మనం తినకపోతే చెరకు చేలోనే ఉండిపోతుందనే భయం పెట్టుకోకండి.

ఇక షుగరు జబ్బు ఇప్పటికే ఉన్నవారికి. పంచదార తగ్గించామని మాత్రలు మానవద్దు. మాత్ర తగ్గించడం, పెంచడం డాక్టరు పని. ముప్పై ఏళ్లు దాటినవారు ఏ బాధా లేకపోయినా దగ్గరలోని ఆరోగ్య ఉపకేంద్రంలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో రక్తం చూపించుకోండి. పరగడుపున చూసినప్పుడు 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 దాకా ఉంటే హెచ్చరిక. 126, ఆ పైన ఉంటే మళ్లీ చూపించి వైద్యం మొదలుపెట్టాలి. 100కూ 125కూ మధ్య ఉన్నవారు అదృష్టవంతులు, ఎందుకంటే తిండి, నడక సవరించుకొని వెనక్కి మళ్లగల చోటు అది.

మరొక సంగతి, ఇది జాగ్రత్తగా వినండి. మాత్రలో ఇన్సులినో తీసుకునేవారు వేళకు తినకుండా పొలం పని చేస్తే ఒక్కొక్కప్పుడు రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. ఒళ్లంతా చెమట పడుతుంది, చేతులు వణుకుతవి, కళ్లు తిరుగుతవి, మాట తడబడుతుంది. చూసేవారు తాగి ఉన్నాడనుకుంటారు. అప్పుడు పంచదారే మందు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. పావుగంటకు తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్న తరువాత అన్నమో, అంబలో పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకుపోండి. ఇటువంటివారు జేబులో చిన్న పొట్లం పంచదార ఉంచుకోవాలి. అది తినడానికి కాదు, ఆదుకోవడానికి.

కాళ్ల సంగతి ఆఖరున చెబుతున్నాను గాని, చెరకు రైతుకు అదే మొదటిది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారతవి. ముల్లు గుచ్చినా, మోడు కోసినా తెలియదు. గాయానికి నెత్తురు సరిగా అందక త్వరగా మానదు. కనుక షుగరు ఉన్నవారు నరికిన తోటలోకి వట్టి కాళ్లతో దిగవద్దు, మూసి ఉన్న బూట్లు వేసుకోండి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, ముల్లు ఉన్నదేమో చూడండి. సాయంకాలం కాళ్లు కడుక్కున్న తరువాత అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేనివారు మనవడికి చూపించండి. కాళ్లు కాచుకోవడానికి వేడి నీళ్లలో పెట్టవద్దు, కాలినా తెలియదు. తెగితే పసుపు పెట్టి ఊరుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

నేను చెప్పిన పెద్దాయన ఇప్పుడు పొలానికి వస్తున్నారు. రబ్బరు బూట్లు వేసుకుంటున్నారు; మొదట్లో ఊళ్లోవాళ్లు నవ్వారు. వాళ్ల ఇంటి డబ్బా మీద కోడలు సుద్దతో తేదీలు వేస్తున్నది. మొన్న వారి కార్శి తోటలో గడ గుచ్చి రసం చూశాను. 20 ఉన్నది. పరికరం ఆయన చేతికిచ్చాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, "నా రక్తం కూడా ఇందులో సూడొచ్చా బాబూ?" అని అడిగారు. దానికి వేరే మిషను ఉన్నది, మంగళవారం ఉపకేంద్రానికి రండి, నేనూ వస్తానన్నాను. వచ్చారు. పరగడుపున 138 ఉన్నది. ఇంకా దిగాలి.

ఈ నెలాఖరున తోటల పక్వం చూడడానికి మేము మీ గ్రామాలకు వస్తున్నాము. రసం చూపించుకునే రైతులు గడలతో పాటు, మీ పిల్లలు తాగే సీసా ఒకటి, ముందు రోజు రాత్రే మూత తీసి గాలి పోనిచ్చి, పట్టుకురండి. గాజు మీద చుక్క వేసి మీకే చూపిస్తాను.